బ్యాంకు ఎరిగిన సంతకం

ఫోమ్ షావుకారు ఫోన్ చేసి, మా తమ్ముడు ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చిందని చెప్పినప్పుడు నేను మిషను ముందు కూచుని సినిమాహాలు సీటు కవరు కుడుతున్నాను. ఖాతాలో డబ్బు లేదేమో అనుకున్నాను. అదేం కాదట, సంతకం కలవలేదట. ఖాతా వాడిది, చెక్కు వాడిది, సంతకం పెట్టినవాడు వాడే, కలవకపోవడం ఏమిటని షావుకారు మీద గట్టిగానే అరిచేశాను. అరిచాక నాలిక కరుచుకున్నాను. వాడు పెట్టాడు కాబట్టే కలవలేదు.

ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. నేను, మా తమ్ముడు, మా మరదలు. అంటే తమ్ముడి భార్య. ఆమె అప్పటికి ఆసుపత్రిలో ఉంది.

మాది సోఫాలకు, కుర్చీలకు కొత్త గుడ్డ వేసే పని. రోడ్డు మీదకు తెరుచుకునే పొడవాటి గది, ముందు భాగంలో తోలు ఊడిపోయిన పాత కుర్చీలు, వెనక కోత బల్ల, గోడవారగా రెండు కుట్టుమిషన్లు. పైన మా ఇల్లు. తమ్ముడు చెక్క, స్ప్రింగులు, పట్టీలు చూసుకుంటాడు. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పెదవుల మీదకు తెచ్చుకుని సుత్తితో కొడతాడు. నోటి నిండా మేకులుండటం వల్ల మాట్లాడడని వచ్చినవాళ్లు అనుకుంటారు. మేకులు తీసేసినా మాట్లాడడని మాకు తెలుసు. కవర్లు కుట్టడం నా వంతు. మా ఆయన పోయాక అత్తారింట్లో అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చాను, నోరొక్కటే వదల్లేదు. ఇక మిగిలిందంతా మా మరదలు. బేరం మాట్లాడేది, కొలతలు తీసేది, గుడ్డ కోసేది, బాకీలు వసూలు చేసేది, బ్యాంకు కాగితాలు నింపేది, సంతకం పెట్టేది కూడా ఆమే. ఆమె పేరు కాదు, తమ్ముడి పేరు.

అలా ఎందుకు మొదలైందంటే నవ్వొస్తుంది. ఖాతా తెరిచిన రోజున తమ్ముడు ఎవరింటికో సోఫా దింపడానికి వెళ్లాడు. అప్పట్లో ఉన్న బట్టతల మేనేజరు నమూనా సంతకం కార్డు మా మరదలి చేతికే ఇచ్చి, మీ ఆయనతో పెట్టించి సాయంత్రం లోపల పంపమన్నాడు. సాయంత్రం దాకా వాడు రాలేదు. వచ్చినా వాడి రాత తెలుసు కదా, కోడి కెలికినట్టుంటుంది. తనే నీటుగా పెట్టేసి పంపించింది. వాడొచ్చాక చెబితే, మంచి పని చేశావు అన్నాడు. ఇంట్లో ఎవరు పెడితేనేం, అన్నం తినేది ఒకే గిన్నెలోంచి కదా అనుకున్నాం. ఆలోచన అంతే. తప్పనే ఊహ కూడా మాకెవరికీ రాలేదు.

కార్డు మీద ఉన్నది తన చేతిరాత కాబట్టి ఆ తర్వాత ప్రతిదీ తనే పెట్టాల్సి వచ్చింది. బ్యాంకువాళ్లు తమ్ముణ్ణి కూచోబెట్టి ఇక్కడ పెట్టండి అంటే వాడు జేబులు తడుముకునేవాడు. కళ్లజోడు మర్చిపోయాను, ఇంటికి తీసుకెళ్లి పెట్టి తెస్తాను అనేవాడు. దాదాపు ఇరవై ఏళ్లుగా వాడు కళ్లజోడు మర్చిపోతూనే ఉన్నాడు. ఆ బ్రాంచిలో వాడి పేరే కళ్లజోడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి ఆ ఒక్క అబద్ధాన్ని బట్టీ పట్టాడు.

ఆ బ్యాంకు లేకపోతే మేం లేమన్న మాట కూడా చెప్పాలి. ఫోమ్, రెగ్జిన్ ముందే కొనాలి. పనివాళ్లిద్దరికీ వారం తిరిగేసరికి కూలి పడాలి. పని చేయించుకున్నవాళ్లు మాత్రం తీరిగ్గా ఇస్తారు. పెద్ద ఆర్డరైతే మరీను. ఖాతాలో ఏమీ లేకపోయినా ఇంతవరకు వాడుకోవచ్చని బ్యాంకు మాకొక హద్దు పెట్టింది. దాన్ని ఓడీ అంటారు. డబ్బు రాగానే కడతాం, అవసరమైతే మళ్లీ తీస్తాం, ఏడాదికోసారి కాగితాలు కొత్తగా రాయించుకుంటాం. మా మరదలు దాన్ని ఎంత ఒడుపుగా నడిపేదంటే, పనివాళ్ల కూలి ఒక్క వారం కూడా ఆగలేదు. బ్యాంకంటే నాకు భయం. తనకు మాత్రం పక్కింటివాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడమంత తేలిక.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్న కోత బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద గీత గీస్తూ సుద్ద కింద పడేసింది. వంగి తీసుకోబోయి తనూ పడింది. ఎండ దెబ్బేమో అనుకుని నీళ్లు చల్లాను. కళ్లు తెరిచింది గానీ మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. తమ్ముడు నోట్లో మేకులు ఉమ్మేసి, తనను ఎత్తుకుని రోడ్డు మీదకు పరిగెత్తాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్క 'అదే' తప్ప. మంచినీళ్లు కావాలన్నా 'అదే', నొప్పి అన్నా 'అదే', మమ్మల్ని చూసి ఏడ్చినా 'అదే'. బుర్ర మాత్రం దివ్యంగా ఉంది, అన్నీ అర్థమవుతున్నాయి, మాటలు కూడా మెల్లగా రావచ్చని డాక్టరు చెప్పాడు. బుర్ర బాగుండటమే తనకు శిక్ష అయింది.

సరిగ్గా ఆ సమయంలోనే సినిమాహాలు పని చేతిలో ఉంది. హాల్లో సీట్లన్నిటికీ కొత్త ఫోమ్, కొత్త గుడ్డ. మేం ఎప్పుడూ చెయ్యనంత పెద్ద పని. హాలు మళ్లీ తెరిచే రోజుకు సీట్లు బిగించి ఉండాలి, డబ్బు ఆ తర్వాత. ఫోమ్ సగమే వచ్చింది. మిగతా సగానికి తమ్ముడు మొట్టమొదటిసారి తన చేత్తో సంతకం పెట్టి చెక్కు ఇచ్చాడు. అదే వెనక్కి వచ్చింది. పైగా ఓడీ గడువు ఆ నెలాఖరుతో అయిపోతోంది, వచ్చి కొత్త కాగితాల మీద సంతకాలు పెట్టమని బ్యాంకు నుంచి ఫోన్ కూడా వచ్చింది. ఓడీ పోతే ఫోమ్ రాదు. ఫోమ్ రాకపోతే హాలువాడు పని ఇంకొకరికి ఇస్తాడు. అప్పుడు గది తలుపులు మూసి ఆసుపత్రి బెంచీ మీద కూచోవడమే మా పని. ఆ ఆసుపత్రికైనా కట్టేది ఎక్కడినుంచి తేవాలి?

ఫోమ్ షావుకారు మంచివాడే. కానీ సంతకాల విషయంలో బ్యాంకులు చాలా గట్టిగా ఉంటాయనీ, దొంగ సంతకమని తేలితే పోలీసుల దాకా పోతుందనీ మాటవరసకు అన్నాడు. అతను తన మానాన తను ఫోన్ పెట్టేశాడు. మేం మాత్రం లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాం. ఇన్నేళ్ల చెక్కులు, ఇన్నేళ్ల కాగితాలు. ఒక్కొక్కటీ ఒక్కో దొంగ సంతకమేనా? మంచం మీద మాట రాని మనిషిని పట్టుకుని ఇదంతా నువ్వే చేశావా అని అడుగుతారా?

తమ్ముడు పాత చెక్కుల నకళ్లు ముందు పెట్టుకుని కోత బల్ల దగ్గర కూచున్నాడు. ఖాకీ కాగితం మీద తన పేరు తను దిద్దుకోవడం మొదలుపెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా మేకు దించే చెయ్యి, కలం పట్టుకుంటే మొద్దుబారిపోయేది. మా మరదలు మొదటి అక్షరం కింద ఒక వంపు తిప్పి, ఆ వంపును చివరి అక్షరం దాకా లాక్కెళ్లేది. ఆ వంపు వాడికి పడలేదు. రాసీ రాసీ కాగితమంతా నింపాడు. ఒక్కటీ అలా లేదు. పనివాళ్లు చూస్తారని కాగితాలు ఉండలు చుట్టి ఫోమ్ ముక్కల సంచిలో కుక్కాడు. నేను మిషను ఆపి చూస్తుంటే తలెత్తి, "ఇది నా పేరేనా అక్కా?" అని అడిగాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, మేం ఆ చెక్కుబుక్కు ఆసుపత్రికి కూడా పట్టుకెళ్లాం. ఒక్క చెక్కు మీద పెట్టించుకుంటే చాలు, ఫోమ్ వస్తుంది, మిగతాది తర్వాత చూసుకోవచ్చని. తనకు విషయం చెప్పగానే అర్థమైంది. 'అదే, అదే' అంటూ తనే చెయ్యి చాపింది. తమ్ముడు ఆ కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే వంచి కలం చుట్టూ చుట్టాడు. ముందు ఉత్త కాగితం మీద ప్రయత్నించింది. కలం కాగితం మీంచి జారి దుప్పటి మీద పొడుగ్గా గీత పెట్టింది. మళ్లీ పెట్టించాడు, మళ్లీ జారింది. ఎడమ చేత్తో కూడా చూసింది. ఆఖరికి కాగితం, కలం, చెక్కుబుక్కు అన్నీ ఎడమ చేత్తో ఒక్క తోపు తోసేసి గోడవైపు తిరిగి పడుకుంది. పక్క మంచం ఆవిడ ఏమైందని అడిగింది. ఏం కాలేదు, లెక్కలు చూస్తున్నాం అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇక దారి లేక బ్యాంకుకు వెళ్లాం. వాణ్ణి ఒక్కణ్ణే పంపితే నీళ్లు నములుతూ నిలబడతాడని నేనూ వెంట వెళ్లాను. గాజు తలుపు తీయగానే క్యాషియరు నవ్వి, ఈసారైనా కళ్లజోడు తెచ్చారా అని అడిగాడు. తెచ్చానండి అన్నాడు మావాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నిజం చెప్పాడు, అతను జోకనుకుని ఇంకా నవ్వాడు.

మా కాగితాలు చూసేది ఒక లోను ఆఫీసరమ్మాయి. కొత్తగా వచ్చింది. చిన్న వయసు, మెల్లగా మాట్లాడుతుంది. మమ్మల్ని కూచోబెట్టి టీ తెప్పించింది. వెనక్కి వచ్చిన చెక్కు ముందు పెట్టి, సంతకం ఇంత మారిపోయిందేమిటండీ అని అడిగింది. దారంతా మేం అనుకున్నది వేరు. జరిగింది జరిగినట్టు చెప్పేద్దాం, ఆ పైన ఏమైతే అది అవుతుందని అనుకున్నాం. నేను గొంతు సవరించుకునేలోపల తమ్ముడు అన్నాడు:

"చెయ్యి వణుకుతోందండీ. ఈమధ్య కలం నిలవడం లేదు."

నేను వాడి మొహం చూశాను. వాడు బల్ల కేసి చూస్తున్నాడు. ఆ అమ్మాయి జాలిగా తలూపి వాడి గుర్తింపు కార్డు అడిగింది. దాని మీద ఉన్నది వాడి సొంత సంతకం. ఈమధ్య మొదలైన వణుకు పాత కార్డు మీద ఎలా ఉంటుంది? ఆమె కార్డు తిప్పి చూసి, ఇది పోయినేడాది తీసుకున్నది కదా, అప్పటికే వణుకు మొదలైందన్నమాట అంది. అవునండీ అన్నాను నేను, అడక్కుండానే. అయ్యో, ఇంత చిన్న విషయానికి భయపడిపోయారేం, చేతిరాత మారినవాళ్లు బోలెడు మంది వస్తుంటారు, కొత్త నమూనా సంతకం ఇస్తే సరిపోతుంది అని ఆమె ఒక కార్డు తీసింది. తమ్ముడు దాని మీద కోడి కెలికినట్టు తన పేరు రాశాడు. పాత కార్డు మీద ఆమె ఎర్ర సిరాతో అడ్డంగా రెండు గీతలు కొట్టి, రద్దు అని రాసింది. మా మరదలి ఆ వంపు మీదుగానే పోయాయి ఆ గీతలు. తమ్ముడు చెయ్యి ముందుకు చాపాడు, ఆపబోతున్నట్టు. మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

గండం గడిచిందనుకుని నేను లేవబోయాను. ఆమె ఇంకొక్క మాట అంది. ఓడీ కొత్తగా ఇవ్వాలంటే ఇప్పుడొక చిక్కు ఉందట. చేతి పని చేసుకునే మనిషికి చెయ్యే వణుకుతోందని తనకు తెలిశాక, ఆయన ఒక్కడి పేరు మీద అంత డబ్బు వదలడానికి పైవాళ్లు ఒప్పుకోరట. అక్కాతమ్ముళ్లు పనికిరారట, భార్య జాయింటుగా చేరితే తనే దగ్గరుండి పాస్ చేయిస్తానంది.

"మీ ఆవిడ ఉన్నారుగా. ఆవిడ పేరు కలపండి. మీలాంటి చిన్న పనివాళ్ల షాపు ఆగిపోకూడదనే కదండీ మేమున్నది."

ఎంత మంచిగా చెప్పిందో. ఆవిణ్ణి ఇక్కడిదాకా తిప్పడం ఎందుకు, స్టాకు చూడటానికి ఎలాగూ వస్తాను, అప్పుడే సంతకం తీసుకుంటాను అని కూడా అంది. తమ్ముడు సరేనని తలూపాడు. బయటికొచ్చాక రోడ్డు మీదే వాణ్ణి నిలేశాను. నిజం చెబుదామని కదరా అనుకున్నాం అన్నాను. దాని పేరు పోలీసుల నోట్లో పడుతుందేమోనని భయమేసిందక్కా అన్నాడు. వాణ్ణి ఇంకేం తిట్టను?

అప్పటికి మా మరదలు ఇంటికి వచ్చేసింది. మేడ ఎక్కలేదు కాబట్టి కింద గదిలోనే, కోత బల్లకు అవతల మంచం వేశాం. మూతి చాలావరకు సర్దుకుంది. కాలు కొంచెం కదులుతోంది. చెయ్యి మాత్రం కదలడం లేదు. మాట అదే. జరిగినదంతా తమ్ముడు తన మంచం పక్కన కూచుని చెప్పాడు. ఇంతకూ వాడు చెప్పిన అబద్ధంలోంచి బయటపడే దారి మాకు తోచలేదు. ఆయనకు చెయ్యి వణుకు, ఈవిడకు పక్షవాతం అని తెలిస్తే ఆ అమ్మాయి ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? ఇంట్లో ఇద్దరూ జబ్బు మనుషులే అయితే ఎవణ్ణి చూసి ఇస్తుంది?

మా మరదలు కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. బేరం కుదరనప్పుడు మునుపు కూడా అలాగే కళ్లు మూసుకునేది. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తి, బొటనవేలు చూపించి, మంచం పట్టె మీద నొక్కింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ నొక్కింది. 'అదే' అంది.

తమ్ముడికి ముందు అర్థమైంది. సంతకం రాని మనిషి వేలిముద్ర వేస్తుంది. సంతకం రానివాళ్లను, ఎందుకు రాదు అని ఎవరూ అడగరు. చెయ్యి సంగతి బయటపడదు. వాడు ససేమిరా వీల్లేదన్నాడు. నేనైతే ఇంతెత్తున లేచాను. ఊళ్లో సగం షాపులవాళ్లకు కాగితాలు నింపిపెట్టిన దానివి, నువ్వు వేలిముద్ర వెయ్యడమేమిటే, ఈ కొంప మునిగితే మునగనీ అన్నాను. తను నా వైపు చూసి, ఆ పక్కన గుట్టగా పడి ఉన్న సీట్ల వైపు చూపించింది. గుడ్డ లేని సీట్లు, ఫోమ్ లేని సీట్లు. ఆ తర్వాత పనివాళ్లిద్దరి వైపు. మళ్లీ బొటనవేలు నొక్కింది. మా ఇంట్లో తను ఖాయం చేసిన బేరాన్ని మార్చడం ఎప్పుడూ ఎవరి తరమూ కాలేదు.

ఆ అమ్మాయి చెప్పిన రోజునే వచ్చింది. మేం మా మరదల్ని మంచి కుర్చీలో, మేమే తయారుచేసిన మెత్తటి చేతుల కుర్చీలో కూచోబెట్టి, ఒళ్లో సగం కుట్టిన సీటు కవరు పరిచాం. కుడి చెయ్యి దాని కింద. కుట్టుపని మధ్యలో ఆపిన మనిషిలాగే ఉంది. కొత్తవాళ్ల ముందు మాట్లాడదండీ, బిడియం అని ముందే చెప్పాను. నా నోటితోనే చెప్పాను.

ఆ అమ్మాయి ముందు స్టాకు చూసింది. రెగ్జిన్ చుట్టలు, స్ప్రింగులు, బిగించిన సీట్లు, బిగించాల్సినవి. లెక్కల పుస్తకం అడిగితే తమ్ముడు తెచ్చిచ్చాడు. నాలుగు పేజీలు తిరగేసి ఆగిపోయింది. ఇంత పొందిగ్గా రాసిన లెక్కలు పెద్ద కంపెనీల్లో కూడా చూడలేదు, ఎవరు రాస్తారండీ అని అడిగింది. తమ్ముడు కుర్చీ వైపు చూడకుండా అన్నాడు:

"ఒకావిడ రాసేదండీ. ఇప్పుడు రాయడం లేదు."

"అలాంటి మనిషిని వదులుకోకూడదండీ" అంది ఆ అమ్మాయి.

నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. మిషను దగ్గరకు వెళ్లి ఊరికే దారం మారుస్తూ కూచున్నాను. మా మరదలు మాత్రం కదల్లేదు. ఆ పుస్తకం మూసి బల్ల మీద పెట్టేదాకా దానివైపే చూసింది.

ఆ తర్వాత జాయింటు కాగితాలు బయటికి వచ్చాయి. సంతకం ఇక్కడ అని ఆ అమ్మాయి కలం అందించబోతే, మా మరదలు ఎడమ బొటనవేలు ఎత్తింది. ఓ, అలాగా అని ఆమె సంచిలోంచి సిరా పెట్టె తీసింది. తప్పుపట్టడానికి వీల్లేదు, ముఖంలో చిన్నచూపు లేదు. కుర్చీ దగ్గరకు జరిగి, కాగితంలో ఉన్నదంతా గట్టిగా, నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి చదివింది. ఓడీ అంటే ఏమిటో చెప్పింది. వడ్డీ అంటే ఏమిటో చెప్పింది. ఇంత వాడుకుంటే ఇంత కట్టాలి, కట్టకపోతే ఇలా అవుతుంది, అర్థమైందా అమ్మా అని అడిగింది. మా మరదలు తలూపింది. వడ్డీ లెక్కలో బ్యాంకు చేసిన తప్పు పట్టుకుని, ఆ బట్టతల మేనేజరు చేత క్షమాపణ చెప్పించిన మనిషి, బుద్ధిగా తలూపింది. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, ఎవరి మీద మండాలి?

వేలిముద్ర వేసింది. దాని కింద ఆ అమ్మాయి తన చేత్తో మూడు వాక్యాలు రాసి, పైకి చదివింది. ఈమెకు చదవడం, రాయడం రాదు. ఇందులోని విషయాలన్నీ ఈమెకు తెలిసిన మాటల్లో చదివి వినిపించడమైనది. ఈమె ఇష్టపూర్వకంగా వేలిముద్ర వేసినది. చదివి, కాగితం తమ్ముడి వైపు తిప్పింది. ఇది నిజమని భర్తగా మీరు సంతకం చెయ్యాలి అంది. చెయ్యి వణికినా పర్వాలేదు, మీ కొత్త సంతకమే చాలు అంది.

తమ్ముడు కలం పట్టుకున్నాడు. ఆ మూడు వాక్యాలూ తనే మళ్లీ చదువుకున్నాడు. పెదవులు కదుపుతూ, మెల్లగా చదువుతాడు వాడు. కలం కాగితానికి ఆనించి ఆగిపోయాడు. చెయ్యి నిజంగానే వణకడం మొదలైంది. ఫర్వాలేదు, నెమ్మదిగా పెట్టండి అని ఆ అమ్మాయి ధైర్యం చెప్పింది. వాడు కాగితం వెనక్కి తోసేస్తాడనుకున్నాను. తోసేస్తే బాగుండుననుకున్నాను. తోసేస్తే రేపు ఏమిటన్న భయం కూడా వెంటనే వచ్చింది. మిషను చక్రం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

అప్పుడు కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"పెట్టు."

పడిపోయినప్పటి నుంచి 'అదే' కాకుండా తన నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. తేటగా, తప్పులేకుండా వచ్చింది. ఆ మాట కోసం మేం ఎన్ని రోజులు ఎదురుచూశామో. తమ్ముడు తలెత్తి తనను చూశాడు. తనూ వాణ్ణి చూస్తూనే ఉంది. వాడు తలవంచి, తన భార్యకు చదవడం రాయడం రాదన్న మాట కింద, తన సొంత చేత్తో తన పేరు రాశాడు.

ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంది. సాయంత్రానికి ఓడీ తెరుచుకుంటుంది, ఫోమ్‌కు ఆర్డరిచ్చుకోవచ్చు అంది. సంతోషంగానే అంది. వెళ్తూ వెళ్తూ కుర్చీ దగ్గర ఆగి, మా మరదలి భుజం మీద చెయ్యి వేసి, సంతకం పెట్టడం పెద్ద కష్టం కాదమ్మా, మీ ఆయన్ని అడిగితే నేర్పిస్తారు అని చెప్పింది. మా మరదలు నవ్వింది. మూతి ఒక పక్కే నవ్వింది.

పనివాళ్లు ఊపిరి పీల్చుకుని మళ్లీ సుత్తులు అందుకున్నారు. తమ్ముడు గుడ్డముక్క తడిపి తెచ్చి, కుర్చీ ముందు నేల మీద కూచున్నాడు. తన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని బొటనవేలికి అంటిన సిరా తుడవడం మొదలుపెట్టాడు. నల్లదనం పోయి చర్మం ఎర్రబడింది. అప్పటికీ తుడుస్తూనే ఉన్నాడు. సిరా పోయింది లేరా, ఇక వదులు అని రెండుసార్లు చెప్పాను. వాడు వినలేదు.